కుంపటి చొక్కా

"తొమ్మిది కిలోలు దాటకూడదు," అంది తబిత. "ఒప్పందంలో రాసుంది. సంతకం పెట్టింది నువ్వే."

దీవెన నేలమీద పరిచిన టార్పాలిన్ వైపు చూసింది. పదేళ్ళుగా చలికాలపు కొండల్లో ఒంటరిగా తిరిగి పోగేసుకున్న సామానంతా అక్కడ పడి ఉంది. రెండు పొరల గుడారం, రెండు కిలోల పైమాటే. బాతు ఈకలు కూరిన స్లీపింగ్ బ్యాగు, కిలోన్నర. ఫోమ్ చాప, ఉన్ని మేజోళ్ళు, గాలి ఆపే పైకోటు, మంచు కరిగించుకోవడానికి గుప్పెడంత గ్యాసు పొయ్యి. తబిత ఒక్కో వస్తువునూ తూకం మీద పెట్టడం, కాగితం మీద అంకె వేసుకోవడం, పక్కకి విసరడం. అరగంటగా ఇదే పని.

"గుడారం అక్కర్లేదు. బ్యాగు అక్కర్లేదు."

"గుడారం సరే. బ్యాగు నాకు కావాలి."

"ఎందుకు?"

"మైనస్ ఇరవైలో పడుకునేది నేను కాబట్టి."

తబిత బల్లమీద మడిచిపెట్టిన నల్లటి చొక్కాని తీసి చెల్లెలి ఒళ్ళో పడేసింది. నూట అరవై గ్రాములు. దాన్ని తబిత పనిచేసే ప్రయోగశాలలో అందరూ కుంపటి అనేవాళ్ళు. చలిని ఆపడం దాని పని కాదు. మెడ వెనకా, భుజాల కిందా ఒక రకం కొవ్వు ఉంటుంది. పసిపిల్లల ఒళ్ళు వెచ్చగా ఉండేది దానివల్లనే. పెద్దయ్యాక ఆ కొవ్వు చాలావరకు నిద్రపోతుంది. చొక్కా లోపలి దారాలు చర్మాన్ని తాకి, సన్నని కరెంటుతో దాన్ని లేపుతాయి. ఇక ఒళ్ళు తన నిల్వలు తానే కాల్చుకుంటూ వేడెక్కుతుంది. మనిషే పొయ్యి, మనిషే కట్టె. దానికి తోడు మూడువందల ఎనభై గ్రాముల ఒంటిపొర గుడ్డ ఒకటి. రెండు చేతికర్రల మీద ఎత్తి కట్టుకుంటే గాలికి అడ్డు. అంతే, ఇక ఏమీ మోయక్కర్లేదన్నది దాన్ని తయారుచేసిన కంపెనీ మాట.

కంపెనీ పెద్ద వేదాంతం గారు గుమ్మంలో నిలబడి నవ్వారు. "స్లీపింగ్ బ్యాగు కూడా పట్టుకెళ్తే ఇక మనం నిరూపించేది ఏముందమ్మా?"

"తీసేస్తే ఏమవుద్ది అక్కా?" అని అడిగింది దీవెన. "చొక్కా విప్పేస్తే?"

తబిత తూకం మీది అంకె వైపు ఒక క్షణం చూసి, అప్పుడు చెప్పింది. "ఆగిపోద్ది."

ఆ ఒక్క క్షణం ఆలస్యం దీవెనకి తెలిసింది. తల్లి పోయినప్పుడు దీవెనకి తొమ్మిదేళ్ళు, తబితకి పదిహేడు. చీరాలలో జడలు వేసిందీ, అన్నం పెట్టిందీ, చెంపలు వాయించిందీ ఈ అక్కే. ఆ మొహంలో ఏది దాస్తుందో దీవెనకి తెలుసు, ఎందుకు దాస్తుందో మాత్రం ఎప్పుడూ తెలియదు. దీవెన బ్యాంకు ఉద్యోగం వదిలేసి కొండలు పట్టినప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్య మాటలు పండక్కీ పబ్బానికే. చొక్కాని పరీక్షించడానికి కంపెనీ ఒంటరిగా నడిచే మనిషి కావాలన్నప్పుడు తబిత చెల్లెలి పేరు ఇచ్చింది. ప్రేమతో ఇవ్వలేదు. చలికాలంలో పదిరోజులు ఒంటరిగా నడవగలిగే మనిషి ఆమెకి తెలిసి ఇంకొకరు లేరు. దీవెన ఒప్పుకున్నదీ ప్రేమతో కాదు. తను చేసేది తిరుగుడు కాదు, పని అని అక్క చేత ఒక్కసారి అనిపించుకోవాలని.

"తిండి మాత్రం అంతా తినాలి," అంది తబిత, సంచి కడుతూ. "పదిరోజులకి అయిదు కిలోలు. ఆకలి లేకపోయినా తినాలి."

ఎందుకని మాత్రం చెప్పలేదు.

లేహ్‌లో బస చేసిన గదిలో తలుపు గడియ పెట్టి దీవెన సంచి విప్పింది. తన బట్టల పెట్టెలో దాచి తెచ్చిన స్లీపింగ్ బ్యాగుని సంచి అడుగున కుక్కింది. తూకం సరిపోవాలంటే కిలోన్నర బరువు తగ్గాలి. వేరుశెనగ ముద్దలు, నెయ్యిలో కలిపిన సత్తుపిండి, మూడు రోజుల సరుకు తీసి మంచం కింద పెట్టేసింది. మూడు రోజులు కడుపు మాడితే మనిషి చావదు, ఒక్క రాత్రి చలికి వదిలేస్తే చస్తుంది. పదేళ్ళలో ఆమె నేర్చుకున్న లెక్క అది. అన్ని చోట్లా నిజమైన లెక్కే.

మొదటి నాలుగు రోజులూ ఆ చొక్కా ఒక అద్భుతం. చాంగ్‌తాంగ్ పీఠభూమి జనవరిలో మనిషిని చూసి మొహం తిప్పుకుంటుంది. చెట్టు లేదు, పొద లేదు, గాలికి అడ్డంగా గుప్పెడు మట్టి లేదు. గడ్డకట్టిన సరస్సులు ఎండకి పగిలి తుపాకీ పేలినట్టు చప్పుడు చేస్తుంటాయి. అలాంటి చోట దీవెన చేతులకి తొడుగులు లేకుండా కూర్చుని టీ తాగింది. భుజంమీద పడ్డ మంచు చెమటలా జారిపోయింది. రాత్రి ఆ పలచటి గుడ్డ కింద, ఊపిరి గడ్డకట్టి లోపలి పొరమీద ముళ్ళలా మొలుస్తుంటే, ఆమె ఒక్క చొక్కాతో పడుకుని నిద్రపోయింది. అడుగున మోసుకొచ్చిన స్లీపింగ్ బ్యాగుని తలుచుకుని తనని తానే తిట్టుకుంది.

కాకపోతే ఆకలి. మామూలు ఆకలి కాదు. తిన్న పావుగంటకే కడుపు లోపలినుంచి ఎవరో గోళ్ళతో గీకుతున్నట్టు ఉండేది. రెండు ముద్దలు తినాల్సిన చోట నాలుగు తినేది. అయిదోరోజు పొద్దున చూసుకుంటే ఏడురోజుల సరుకులో ఇక ఒక్కరోజుది మిగిలింది.

ఆ రోజే గాలి లేచింది. రెండు రోజులు ఆగలేదు. గుడ్డ చేతికర్రలకి కొట్టుకుంటూ, ఎవరో బయట నిలబడి అదేపనిగా బెత్తంతో బాదుతున్నట్టు మోత. దీవెన నాలుగు మూలలా రాళ్ళు పేర్చి, మధ్యలో కర్రలని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆరోరోజు మధ్యాహ్నానికి తిండి అయిపోయింది. తొడలు చూసుకుంటే ప్యాంటు సంచిలా వేలాడుతోంది. చొక్కా మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది. కొవ్వు అయిపోయాక కండ.

ఆమె చొక్కా విప్పేసింది. బ్యాగులోకి దూరి, జిప్పు మెడదాకా లాక్కుంది. ఇక కుంపటి ఆరిపోతుంది, చలి వేస్తుంది, వణుకు వస్తుంది, ఆ వణుకుతో తనకి తెలిసిన పాత బతుకులోకి తిరిగొస్తానని ఎదురుచూసింది.

వణుకు రాలేదు. గంట గడిచింది. హాయిగా ఉంది. మరీ హాయిగా, వేసవిలో డాబా మీద పడుకున్నట్టు. సంచికి వేలాడే థర్మామీటరు మైనస్ పంతొమ్మిది చూపిస్తోంది. జిప్పు ఎప్పుడు తెరుచుకుందో ఆమెకి తెలియలేదు, ఛాతీ మీద మంచుపొడి పడి ఉంది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు తెల్లగా, సబ్బుబిళ్ళల్లా గట్టిగా ఉన్నాయి. వాటిని నోట్లో పెట్టుకుని కొరికింది. ఏమీ లేదు.

శాటిలైట్ మెసెంజర్ తీసి అక్కకి రాసింది. ఆ చిన్న తెర మీద జవాబులు ఒక్కోటి పావుగంటకి వచ్చేవి.

"తిండి ఎంతుంది?"

"లేదు."

"పదిరోజులది ఇచ్చా గదా."

"మూడు రోజులది తీసేసి బ్యాగు పెట్టుకున్నా. చొక్కా విప్పేశా. చలి తెలీట్లేదు."

ఈసారి జవాబు అరగంటకి వచ్చింది.

"వణుకొస్తందా?"

"లేదు."

"ఎలుకల్లో కూడా కొన్నిటికి అట్టాగే అయింది. పన్నెండింట్లో మూడు. కడుపు మాడ్చినవాటికి. చొక్కా తీసినా ఒంటికి చలి గుర్తు రాలేదు. ముడుచుకోలేదు, వణకలేదు. మామూలు గదిలోనే చచ్చిపోయినయ్."

 గాలి గుడ్డని బాదుతూనే ఉంది. దీవెన ఒక్క ముక్క రాసింది.

"నాకెందుకు చెప్పలా?"

దానికి వచ్చిందల్లా, "నీ ఒంటిని నమ్మబాక. గడియారం చూసుకో. పావుగంటకోసారి వేళ్ళు చూసుకో. హెలికాప్టర్ ఈ గాలికి లేవదంట. దక్షిణంగా ఇరవై ఎనిమిది కిలోమీటర్లలో గొర్రెలకాపర్ల మకాం ఉంది. మనిషిని ఎదురు పంపిస్తన్నా."

ఏడోరోజు గాలి కాస్త తగ్గగానే దీవెన లేచింది. తనని తాను ఒక రోగిని నడిపించినట్టు నడిపించింది. గడియారం మోగిన ప్రతిసారీ ఆగి, తొడుగు తీసి, వేళ్ళు చూసి, చంకలో పెట్టుకుని నూరు లెక్కపెట్టడం. బ్యాగుని కోటులా ఒంటికి చుట్టుకుని తాడుతో కట్టుకుంది. చలి వేస్తోందా అని మనసుని అడగడం మానేసింది. థర్మామీటరు ఏం చెబితే అది. మర్నాడు మధ్యాహ్నం మకాముకి నాలుగు కిలోమీటర్ల ఇవతల స్టాన్‌జిన్ అనే సామాన్లు మోసే పోర్టరు ఆమెకి ఎదురయ్యాడు. యాభై ఏళ్ళవాడు. ఆమె మొహం చూసి ఏదో అన్నాడు, వెంటనే తన కోటు విప్పి కప్పాడు. ఎందుకు కప్పుతున్నాడో ఆమెకి కాసేపు అర్థం కాలేదు.

రెండు వేళ్ళ కొసలూ, కుడికాలి రెండు వేళ్ళూ తీసేశారు. ఒంటి బరువు తొమ్మిది కిలోలు తగ్గింది. చలికి కాలిన గాయాలు, పస్తులు అని డాక్టర్లు రాశారు. చలి తెలియడం లేదంటే, నరాలు దెబ్బతిన్నాయి, నెమ్మదిగా వస్తుందిలే అన్నారు.

హైదరాబాదులో ఆ ఫిబ్రవరి మొదట్లో ముసురు పట్టి, పొద్దున్నే పొగమంచు కురుస్తోంది. దీవెన భర్త మోజెస్ ఫిజియోథెరపిస్టు. ఆమె కాళ్ళలో కండ తిరిగి రావడానికి రోజూ గంటసేపు కసరత్తు చేయించి క్లినిక్‌కి వెళ్ళేవాడు. ఒకరోజు ఏదో మరచిపోయి వెనక్కి వచ్చాడు. స్నానాలగదిలోంచి పాప గొంతు వింతగా వినిపించింది. ఏడుపు కాదు. పళ్ళు టకటకా కొట్టుకుంటూ, మాట తెగి తెగి వస్తోంది.

"అమ్మా, చాలమ్మా."

"కాళ్ళు ఇంకా రుద్దలేదు, నిలబడు."

మోజెస్ తలుపు తోశాడు. నాలుగేళ్ళ హన్నా బకెట్ పక్కన నిలబడి ఉంది. పెదాలు నీలం తిరిగాయి. దీవెన కుడిచేత్తో చెంబు ముంచి మరోసారి పోయబోతోంది. అతను చెంబు లాక్కుని, చెయ్యి బకెట్లో పెట్టి చూశాడు.

"ఏంది ఇది? నీళ్ళు కాయలా?"

"కాచా," అంది దీవెన. అని, ఆగింది. హీటరు వైపు చూసింది. స్విచ్ వేసి లేదు. తను చెయ్యి పెట్టి చూసింది, బాగానే ఉన్నాయనిపించింది. పాప అయిదారు సార్లు చలి అంది. పిల్లలు స్నానానికి పేచీ పెట్టడం మామూలేననుకుంది.

మోజెస్ పాపని తువ్వాలుతో చుట్టేసి గుండెకి హత్తుకుని బయటికి తీసుకెళ్ళాడు.   మర్నాటినుంచి హన్నా తల్లి చేత్తో నీళ్ళు పోయించుకోలేదు. తువ్వాలు పట్టుకుని తండ్రి వచ్చేదాకా వసారాలో కూర్చునేది.

వేదాంతం గారు ఆ వారమే ఇంటికి వచ్చారు. వెనక తబిత. ఆయన పళ్ళబుట్ట బల్లమీద పెట్టి, దీవెన చేతి కట్టు వైపు చూడకుండా మాట్లాడారు.

"మైనస్ ఇరవైలో ఎనిమిది రోజులు, అందులో రెండు రోజులు తిండి లేకుండా, ప్రాణాలతో వచ్చారు. అది మా చొక్కా గొప్పతనమమ్మా."

"బ్యాగు గొప్పతనం," అంది దీవెన. "చొక్కా విప్పేశాకే బతికా."

"బ్యాగు తీసుకెళ్ళడం ఒప్పందానికి విరుద్ధం. తిండి తీసేయడం ఇంకా విరుద్ధం. మేం ఆ సంగతి ఎత్తడం లేదు." ఆయన ఒక కాగితం ముందుకి జరిపారు. "వచ్చే నెల నలభైమంది పోర్టర్లకి ఈ చొక్కాలు ఇస్తున్నాం. మీరు నడిచిన ఆ ప్రాంతంలోనే. యాత్రలు నడిపేవాళ్ళు మన ప్రయోగశాలకి వస్తారు. మీరు చొక్కా వేసుకుని ఒక గంట చలిగదిలో కూర్చుని చూపిస్తే చాలు."

దీవెనకి రెండురోజుల కిందట స్టాన్‌జిన్ పంపిన ఫోటో గుర్తొచ్చింది. నల్లచొక్కా కొలతలు తీస్తున్నారు, అతను చేతులు చాచి నవ్వుతున్నాడు. నీకు కూడా ఇలాంటిదే కదా అని రాశాడు. వద్దు, వేసుకోవద్దు అని ఆమె జవాబు రాసింది. వేసుకోకపోతే పనిలోకి రానివ్వరంట అని అతను రాశాడు.

ఆయన కారు దగ్గరికి వెళ్ళగానే అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

"పోర్టర్లకి ఏం తిండి పెడతారక్కా?"

తబిత కిటికీ వైపు చూసింది. "వాళ్ళు మామూలుగా తినేదే."

"అంటే కడుపు మాడిన ఎలుకలే."

"నువ్వు తిండి తీసెయ్యకపోతే నీకేం అయ్యేది కాదు. నేను లెక్కగట్టి ఇచ్చా. నన్ను నమ్మితే సరిపోయేది."

"నువ్వు చెప్పుంటే తీసేదాన్నా?"

"చెప్తే వెళ్ళేదానివి కాదు."

ఆ మాట అనేసి తబిత తనే ఉలిక్కిపడింది.  పదిహేనేళ్ళు ఆ మనిషి కష్టపడి చేసిన వస్తువు ఆ చొక్కా. దాన్ని ఆపితే ఆమెకి ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అదీ దీవెనకి తెలుసు.

"ఎలుకల రిపోర్టు బయటపెట్టు."

"అది కంపెనీది. నేను చెప్తే రేపటికి అక్కడ నేనుండను. పైగా మూడే చచ్చినయ్. తొమ్మిది బతికినయ్."

దీవెన కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది. ఎడమచెయ్యి కట్టుతో కాగితాన్ని నొక్కిపట్టి, నెమ్మదిగా.

చలిగదికి ఒక పక్కంతా అద్దం. బయట కుర్చీల్లో యాత్రలు నడిపేవాళ్ళు నలుగురు, వేదాంతం గారు. యంత్రాల బల్ల దగ్గర తబిత. గది మధ్యలో కుర్చీ, ఎదురుగా తిరిగే ఫ్యాను, గోడమీద గడియారం. దీవెన ముందే ఒక గుళిక మింగింది. ఒంటిలోపలి వేడి ఎంతో అది బయట తబిత ముందున్న తెర మీద చూపిస్తుంది. ఆ తెర అద్దంలోంచి ఆమెకీ కనిపిస్తోంది. నల్లటి చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చుంది. మైనస్ ఇరవై.

ఐదు నిమిషాలు. ముప్పై ఏడు డిగ్రీలు. తెర మీద రెండో గీత ఒకటి ఉండాలి, చొక్కాలో కరెంటు గీత. అది నేలకంటుకుని తిన్నగా ఉంది. తబిత దాన్ని చూసింది. తర్వాత తల ఎత్తి చెల్లెల్ని చూసింది. దీవెన కూడా ఆమెనే చూస్తోంది.

తబిత తల దించేసింది.

పది నిమిషాలకి వచ్చినవాళ్ళలో ఒకతను ముందుకు వంగి, ఆవిడ వణకడమే లేదు చూశారా, అన్నాడు. పక్కవాళ్ళు తలలూపారు. స్పీకరులో వేదాంతం గారి గొంతు వినిపించింది. "ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉందండీ," అంది దీవెన. "చలే లేదు."

అబద్ధం కాదు. హాయిగా ఉంది. ముప్పై ఆరున్నర. ఫ్యాను గాలికి జుట్టు ఎగురుతోంది. చేతి గోళ్ళు రంగు మారడం చూస్తూ, ఇది నా చెయ్యి అని గుర్తు చేసుకుంటూ కూర్చుంది. ఇరవై నిమిషాలకి బయట చప్పట్లు కొట్టారు. ముప్పై ఆరు. వేదాంతం గారు ఎవరికో చెయ్యి కలిపారు. తబిత కలం పట్టుకుని కాగితం మీద ఏదో రాస్తున్నట్టు వంగి ఉంది, కలం మాత్రం కదలడం లేదు. ముప్పై నిమిషాలు. ముప్పై అయిదు పాయింటు మూడు. దీవెనకి నిద్ర వస్తోంది. కొండమీద వచ్చిన నిద్రలాంటిదే. గడియారం అంకెలు కలిసిపోతున్నాయి. హన్నా వసారాలో తువ్వాలు పట్టుకుని కూర్చున్నట్టు అనిపించింది, లేచి వెళ్ళాలనుకుంది, కాళ్ళు లేవలేదు.

ముప్పై నాలుగో నిమిషంలో కుర్చీ కిందపడ్డ చప్పుడు స్పీకరులో వినిపించింది.

"ఆమె ఒంటి మీద ఉన్నది కుంపటి కాదు," అంటోంది తబిత గొంతు. "తలుపు తీయండి. ఉత్త నూలు చొక్కాతో కూర్చుంది. నెల కిందట మన చొక్కా వేసుకుంది, అప్పట్నుంచి ఆమెకి వణుకు రాదు. ఎలుకలకీ అట్టాగే అయింది. చచ్చినయ్. రిపోర్టు నా దగ్గరుంది."

"తబిత గారూ, మీరు బయటికి రండి," అన్నారు వేదాంతం గారు.

తలుపు గొళ్ళెం లాగిన మోత మాత్రం దీవెనకి గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి ప్రథమ చికిత్స గదిలో మంచం మీద ఉంది. చంకల్లో, పొట్ట మీద వేడినీళ్ళ సంచులు. వరండాలో పెద్ద గొంతులు. వచ్చిన నలుగురిలో ఇద్దరు రిపోర్టు కావాలంటున్నారు. మిగతా ఇద్దరు కారు తెప్పించమంటున్నారు. పోర్టర్ల సంగతి ఇప్పట్లో మాట్లాడేది లేదని ఎవరో గట్టిగా చెప్పారు. వేదాంతం గారి గొంతు అందరికంటే పైన ఉంది, కానీ ఎవరూ ఆగి వింటున్నట్టు లేదు.

తబిత మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మెడలో ఉండాల్సిన గుర్తింపు కార్డు లేదు.

"నేను నోరెత్తకపోతే ఏం చేసేదానివే?"

"కూర్చునేదాన్ని."

"చచ్చేదానివి."

"ఎంతసేపు ఆగుతావో చూద్దామనుకున్నా," అంది దీవెన. "అయిదో నిమిషంలో చూశావు. ముప్పై నాలుగో నిమిషంలో లేచావు."

తబిత మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. ఏడుస్తోందో లేదో దీవెన చూడలేదు. కాసేపటికి తబిత లేచి, ఒక సంచి తీసి తడిమి, చల్లారిందని మార్చబోయింది.

"నువ్వొద్దు," అంది దీవెన. "మోజెస్‌ని పిలువు. ఏది వేడో ఏది చల్లో ఇక నాకు ఎవరో ఒకరు చెప్పాలి. నువ్వు చెప్పవు."

తబిత సంచిని మంచం మీదే వదిలేసి ఫోను వెతుక్కుంటూ బయటికి నడిచింది.